పచ్చ బటను మీద నుంచి వేలు తీసిన తరువాత

పోయిన వేసవిలో నార్పల దగ్గరి పల్లె నుంచి ఒక చీనీ తోట రైతు అనంతపురంలోని మా రిపేరు అంగడికి ఒక ఇనుప డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. బోరు స్టార్టరుకు తోడుగా ఎవరో మెకానిక్కు కట్టి ఇచ్చిన ఆటో డబ్బా అది. మూత తీసి చూస్తే లోపల ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు, రెండు పెద్ద కెపాసిటర్లు, ఒక సీడీ 4013 ఐసీ, ఒక బీసీ 547 ట్రాన్సిస్టరు, షుగర్ క్యూబ్ అని అడిగితే అంగళ్లలో ఇచ్చే నీలిరంగు రిలే ఒకటి ఉన్నాయి. డబ్బా మీది బటను ఒకసారి నొక్కితే రిలే పడుతుంది, అంటే దాని పాయింట్లు కలుస్తాయి, మళ్ళీ నొక్కితే వదులుతుంది. ఆ రిలే పాయింట్లను స్టార్టరులోని పచ్చ బటనుకు సమాంతరంగా కలిపారు కాబట్టి రిలే పడిందంటే పచ్చ బటను నొక్కినట్టే.

నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్దవాడైన ఆ రైతు జరిగింది నెమ్మదిగా చెప్పాడు. "కరెంటు పోయిందని డ్రిప్పు ఫిల్టరు మూత విప్పబోయినా నాయనా. బిగింపు వదులు చేసినానో లేదో కరెంటు వచ్చె, మోటరు దానంతట అదే ఎత్తుకునె. మూత లేచి నా చెవి పక్కనుంచి పోయె." ఆ తరువాత ఇంకొక మాట అన్నాడు. "రోజూ అట్ల చెయ్యదు. ఒక్కోసారి కరెంటు వచ్చినా ఉలకదు, పలకదు."

ఆ "ఒక్కోసారి" అన్న మాట నన్ను పట్టుకుంది. పూర్తిగా చెడిపోయిన వస్తువు రోజూ ఒకే తప్పు చేస్తుంది. ఒక్కోసారి ఒక్కో తీరుగా నడుచుకునే వస్తువులో మాత్రం, ఎవరూ ఉద్దేశించి పెట్టని జ్ఞాపకం ఎక్కడో దాగి ఉంటుంది. దాన్ని వెతికిన క్రమంలోనే రిలేల గురించి, వాటిని నడిపే మెమరీ సర్క్యూట్ల గురించి నాకు తెలిసింది ఇక్కడ రాస్తున్నాను. ఇది మన జిల్లాలో పొలానికి వెళ్ళే ప్రతి ఇంటికీ పనికివచ్చే విషయమని నమ్ముతున్నాను.

రిలే అంటే విద్యుత్తుతో నొక్కే స్విచ్చు. ఇనుప ముక్కకు చుట్టిన రాగి తీగలో కరెంటు పారితే అది అయస్కాంతమవుతుంది, ఎదురుగా స్ప్రింగు పట్టి ఉంచిన చిన్న ఇనుప రేకును లాగుతుంది, ఆ రేకు పాయింట్లను కలుపుతుంది. ఈ పద్ధతిని 1835 ప్రాంతంలో అమెరికాలో జోసెఫ్ హెన్రీ చేసి చూపించాడు. మన నీలిరంగు రిలే కాయిల్ నిరోధం 400 ఓములు ఉంటుంది. 12 వోల్టులు ఇస్తే అందులో పారేది 30 మిల్లీ ఆంపియర్లే, అంటే వాటులో మూడో వంతుకు కాస్త ఎక్కువ. ఆ కొద్దిపాటి శక్తి 250 వోల్టుల దగ్గర 10 ఆంపియర్ల దాకా మోయగల పాయింట్లను కదిలిస్తుంది. ఐసీకీ మోటరుకూ మధ్య ఏ తీగ సంబంధమూ లేకుండా ఆజ్ఞ మాత్రం దాటిపోవడం దీని అసలు గొప్పతనం.

రిలేను బల్ల మీద పెట్టి, వోల్టేజీని సున్నా నుంచి నెమ్మదిగా పెంచుతూ పోతే 9 వోల్టుల లోపు ఎక్కడో ఒకచోట టక్కుమని పడుతుంది. ఇప్పుడు వోల్టేజీని అంతే నెమ్మదిగా తగ్గించుకుంటూ వస్తే పడిన చోట వదలదు. ఇంకా చాలా కిందికి, ఒక్కోసారి 2 వోల్టుల దగ్గరికి కూడా దిగవలసి వస్తుంది. ఇనుప రేకు దూరంగా ఉన్నప్పుడు మధ్యలోని గాలి సందు అయస్కాంత బలాన్ని తినేస్తుంది. రేకు వచ్చి అతుక్కున్నాక ఆ సందు ఉండదు కాబట్టి కొద్దిపాటి కరెంటుకే పట్టు నిలుస్తుంది. దీని ఫలితం ఏమిటంటే, 5 వోల్టుల దగ్గర ఉన్న రిలే పడి ఉందా వదిలి ఉందా అన్నది ఆ 5 వోల్టులను మాత్రమే చూసి ఎవరూ చెప్పలేరు. అది పైనుంచి దిగి వచ్చిందా, కింది నుంచి ఎక్కి వచ్చిందా అన్నది తెలియాలి. జరిగిపోయిన సంగతి ఇప్పటి స్థితిని నిర్ణయిస్తోందంటే అక్కడ జ్ఞాపకం ఉన్నట్టే. ఏ ఐసీ లేకుండా, ఇనుమూ రాగీ స్ప్రింగూ మాత్రమే ఉన్న వస్తువులో ఈ గుణం ఉండడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

దీనికన్నా గట్టి జ్ఞాపకం మన బోరు స్టార్టరులో ఉంది. పచ్చ బటను నొక్కి వేలు తీస్తాము, బటను స్ప్రింగు వల్ల వెనక్కు వస్తుంది, అయినా మోటరు తిరుగుతూనే ఉంటుంది. స్టార్టరు లోపలి పెద్ద రిలేను కాంటాక్టరు అంటారు. అది పడినప్పుడు మోటరుకు వెళ్ళే మూడు పెద్ద పాయింట్లతో పాటు నాలుగోది, చిన్నది, ఒకటి కలుస్తుంది. ఆ చిన్న పాయింటు పచ్చ బటనుకు సమాంతరంగా ఉండి, మన వేలు చేసిన పనిని తానే చేస్తూ, తన కాయిల్‌కు తానే కరెంటు అందిస్తుంది. మెకానిక్కులు దీన్ని హోల్డింగు అంటారు. ఎర్ర బటను ఆ దారిని ఒక్క క్షణం తెంపితే కాయిల్ వదిలేస్తుంది, చిన్న పాయింటు విడిపోతుంది, ఇక ఎర్ర బటను మీద నుంచి వేలు తీసినా తిరిగి కలిసే మార్గం ఉండదు. "పచ్చ బటను లేదా హోల్డింగు, మరియు ఎర్ర బటను నొక్కకపోవడం" అన్న ఈ వాక్యమే స్టార్టరు మొత్తం. రిలే పాయింట్లను ఒకదాని వెనుక ఒకటి కలిపితే "మరియు", పక్కపక్కన కలిపితే "లేదా" అవుతుందని, ఎంత చిక్కు సర్క్యూటునైనా బీజగణితంలా రాసి సులభం చేయవచ్చని క్లాడ్ షానన్ 1937లో తన మాస్టర్స్ పరిశోధనా పత్రంలో చూపించాడు. 1941లో బెర్లిన్‌లో కొన్రాడ్ త్సూజె పూర్తి చేసిన జెడ్ 3 కంప్యూటరులో ఒక్కొక్కటి 22 బిట్ల చొప్పున 64 సంఖ్యలు, అంటే 1,408 బిట్లు, రిలేలలోనే నిలిచేవి. బిట్టు అంటే అవును, కాదు అన్న రెండింటిలో ఒకదాన్ని చెప్పే గుర్తు. మన స్టార్టరు ఒక్క బిట్టు గుర్తుంచుకుంటుంది: "నన్ను నడవమన్నారు."

అయితే ఆ ఒక్క బిట్టు కరెంటు పోగానే చెరిగిపోతుంది, తిరిగి వచ్చినా మోటరు దానంతట అది లేవదు. ఇది లోపమని చాలామంది అనుకుంటారు. కానీ స్టార్టరును అలా మరచిపోయేటట్టు కావాలనే చేశారు. లైను మీద వోల్టేజీ పడిపోయిన రోజున దీని విలువ తెలుస్తుంది. కాంటాక్టరు పడగానే మోటరు మొదటి క్షణాల్లో మామూలు కన్నా అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది, దానితో వోల్టేజీ ఇంకా పడుతుంది, కాయిల్‌కు పట్టు చాలక వదిలేస్తుంది. హోల్డింగు మాత్రమే ఉన్న స్టార్టరు అంతటితో ఆగిపోతుంది. పచ్చ బటనుకు సమాంతరంగా ఇంకెవరో వంతెన వేసి ఉంచితే అది ఆగదు. వదలగానే లోడు పోయి వోల్టేజీ లేస్తుంది, మళ్ళీ పడుతుంది, మళ్ళీ వదులుతుంది. గరగరమనే ఆ శబ్దం మన పల్లెల్లో విననివారు ఉండరు. ఒక్కొక్క దెబ్బకూ పాయింట్ల మధ్య మెరుపు పుట్టి వెండి పూత కరుగుతుంది, చివరికి పాయింట్లు అతుక్కుపోతాయి. అప్పుడు ఎర్ర బటను నొక్కినా మోటరు ఆగదు. ఒక ఫేజు పాయింటు కాలి విడిపోయి మిగిలిన రెండూ అతుక్కున్నాయా, మోటరు రెండు ఫేజుల మీద మూలుగుతూ వైండింగు కాలిపోతుంది.

కాయిల్‌కు కూడా ఇందులో వేరే కష్టం ఉంది. ఏసీ కాయిల్‌లో కరెంటును అడ్డుకునేది ముఖ్యంగా దాని ఇండక్టెన్సు, అంటే కరెంటు మార్పును ఎదిరించే గుణం. ఇనుప రేకు పూర్తిగా అతుక్కుంటేనే అది పెరిగి కరెంటు తగ్గుతుంది. వోల్టేజీ చాలక గానీ దుమ్ము అడ్డుపడి గానీ రేకు సగంలో నిలిచిపోతే కాయిల్ ఎక్కువ కరెంటు మోస్తూ నిమిషాల్లో మాడిపోతుంది. ఏసీ కరెంటు సున్నాకు దిగే క్షణాల్లో కూడా రేకు పట్టు సడలకుండా చూసే రాగి ఉంగరం విరిగిపోయిన కాంటాక్టరు మామూలు వోల్టేజీకే గుర్రుమంటుంది. ఇనుప ముఖం మీద చిన్న గాడిలో ఉండే ఆ ఉంగరాన్ని పనికిరానిదనుకుని పారేసిన స్టార్టర్లను నేను చూశాను.

ఇక ఎలక్ట్రానిక్ జ్ఞాపకం. స్టార్టరులో కాంటాక్టరు తనను తాను పట్టుకుంటుంది. ఫ్లిప్‌ఫ్లాపులో ఇద్దరు ఒకరినొకరు పట్టుకుంటారు. 1918లో ఇంగ్లండులో ఎకిల్స్, జోర్డాన్ అనే ఇద్దరు పాతకాలపు రేడియోల్లో ఉండే గాజు వాల్వులు రెండింటితో దీన్ని కట్టి పేటెంటు తీసుకున్నారు. మొదటిది తెరుచుకుంటే రెండోదాన్ని మూస్తుంది, రెండోది మూసుకుని ఉండడమే మొదటిదాన్ని తెరిచి ఉంచుతుంది. బయటి నుంచి ఒక తోపు తోసేదాకా అలాగే ఉంటాయి. వాల్వుల చోట ట్రాన్సిస్టర్లు వచ్చాయి, ఆ తరువాత అలాంటి ఫ్లిప్‌ఫ్లాపులు రెండింటిని పద్నాలుగు కాళ్ళ సీడీ 4013లో ఇమిడ్చారు. 3 వోల్టుల నుంచి 15 వోల్టుల దాకా ఏ వోల్టేజీతోనైనా అది పనిచేస్తుంది, ఊరికే ఉన్నప్పుడు తినేది మైక్రో ఆంపియర్లే. ఈ చివరి సుగుణమే మన రైతు డబ్బాలో ప్రమాదమైంది.

డబ్బా కట్టిన మెకానిక్కు తెలివైనవాడు. రిలే పడినప్పుడల్లా ఐసీకి కుదుపు తగలకూడదని ఐసీకి విడిగా, కరెంటును ఒకే వైపు పోనిచ్చే ఒక డయోడు, ఒక 1,000 మైక్రోఫారాడ్ కెపాసిటరు పెట్టాడు. అది మంచి పద్ధతే. రిలే కాయిల్ మీద 1ఎన్ 4007 డయోడును తిరగేసి పెట్టడం కూడా మరవలేదు. కాయిల్‌లో పారుతున్న కరెంటు ఒక్కసారిగా ఆగనని మొండికేసి వందల వోల్టులు పుట్టించి ట్రాన్సిస్టరును చంపకుండా, దానికి చుట్టు తిరిగి చల్లారే దారి ఆ డయోడే. అయితే ఐసీ నాలుగో కాలును, అంటే మరచిపొమ్మని చెప్పే రీసెట్ కాలును, నేరుగా భూమికి, అంటే సర్క్యూటులోని మైనస్ తీగకు, కలిపేశాడు. దానితో ఆ డబ్బాకు మరచిపొమ్మని చెప్పే నోరు లేకుండా పోయింది.

బల్ల మీద సరఫరా తీసి చూశాను. రిలే వెంటనే వదిలేసింది. చూసేవారికి డబ్బా ఆరిపోయినట్టే. ఐసీ మాత్రం తన కెపాసిటరులోని మిగులుతో బతికే ఉంది. దానికి ఉన్న ఖర్చల్లా 10 కిలో ఓముల నిరోధం ద్వారా ట్రాన్సిస్టరుకు పోయే ఒక మిల్లీ ఆంపియరు. 1,000 మైక్రోఫారాడ్లు, 10 కిలో ఓములు కలిస్తే పది సెకన్ల కాలమానం, అంటే వోల్టేజీ సుమారు మూడో వంతుకు దిగడానికి పట్టే సమయం. 12 వోల్టులు 3 వోల్టులకు దిగడానికి పదిహేను పదహారు సెకన్లు పడుతుంది. ఆ లోపు సరఫరా ఇస్తే ప్రతిసారీ రిలే తిరిగి పడింది. ఆ తరువాత వోల్టేజీ తగ్గేకొద్దీ ట్రాన్సిస్టరు లాగే కరెంటు కూడా తగ్గిపోతుంది కాబట్టి, అడుగున మిగిలిన ఆ ఒక వోల్టు చాలాసేపు అలాగే వేలాడుతుంది. ఆ స్థితిలో ఐసీ గుర్తుంచుకుంటుందో లేదో చెప్పలేము. అర నిమిషం ఆగి ఇస్తే కొన్నిసార్లు పడింది, కొన్నిసార్లు పడలేదు. రైతు చెప్పిన "ఒక్కోసారి" సరిగ్గా అదే. లైను ట్రిప్పయి వెంటనే తిరిగి ఇచ్చిన రోజు డబ్బా అంతా గుర్తుపెట్టుకుంది. గంటల తరబడి పోయిన రోజు అంతా మరచిపోయింది. ఫిల్టరు మూత లేచిన రోజు ఆ రెంటికీ మధ్యది.

దీనికి మందు ఆటో డబ్బాలను నిషేధించడమేనని నేను అనను. ఇంటికి కిలోమీటరున్నర దూరంలో ఉన్న బోరు దగ్గరికి, కరెంటు ఎప్పుడు వస్తుందో తెలియని వేళల్లో, పాములు తిరిగే గట్ల మీద టార్చి పట్టుకుని వెళ్ళిన రైతు ఆటో కావాలని అడగడంలో అన్యాయం లేదు. అన్యాయం ఎక్కడంటే, ఏది గుర్తుంచుకోవాలి, ఏది మరచిపోవాలి అన్నది ఎవరూ తేల్చకుండా కెపాసిటరు దయకు వదిలేయడంలో. "మోటరు నడవాలన్నది రైతు కోరిక" అన్నది గుర్తుంచుకోదగిన సంగతి. "మోటరు నడుస్తోంది" అన్నది మాత్రం కరెంటు పోగానే అబద్ధమవుతుంది, దాన్ని వెంటనే చెరిపేయాలి. మళ్ళీ నడవాలంటే మూడు ఫేజులూ ఉన్నాయా, వోల్టేజీ చాలినంత ఉందా, పైపులోని నీరు వెనక్కు దిగి పంపు తిరగబడి తిరగడం ఆగిందా అన్నవి కొత్తగా చూసుకోవాలి. రైల్వే సిగ్నళ్ళు కట్టినవారు ఈ న్యాయాన్ని ఏనాడో పాటించారు. 1872లో విలియం రాబిన్సన్ పేటెంటు తీసుకున్న ట్రాక్ సర్క్యూటులో పట్టాల గుండా పారే కరెంటే రిలేను ఎత్తి పట్టి ఉంచుతుంది. రైలు వచ్చినా, పట్టా విరిగినా, బ్యాటరీ పోయినా కరెంటు అందక రిలే వదిలేస్తుంది, సిగ్నలు ఎర్రబడుతుంది. గుంతకల్లు మీదుగా రైలెక్కే మనమందరం ఆ మరపును నమ్మి ప్రయాణం చేసేవారమే.

ఈమధ్య మైక్రోకంట్రోలరు, అంటే ప్రోగ్రాముతో నడిచే చిన్న చిప్పు, పెట్టిన డబ్బాలు కూడా రిపేరుకు వస్తున్నాయి. వాటిలో ఈఈప్రామ్ అనే మెమరీ కరెంటు పోయినా చెరగదు, కానీ సుమారు లక్ష సార్లు రాసేదాకానే దానికి హామీ ఉంటుంది. ప్రోగ్రాము రాసినవారు ప్రతి సెకనూ స్థితిని రాస్తూ పోతే ఆ లక్ష 28 గంటలలో అయిపోతుంది. స్థితి మారినప్పుడు మాత్రమే, రోజుకు ఇరవై సార్లనుకుంటే, పదమూడేళ్ళు దాటుతుంది. లాచింగ్ రిలే మరొక రకం. శాశ్వత అయస్కాంతం పట్టి ఉంచడం వల్ల ఒక్క తోపుతో మారి, కరెంటు లేకుండానే అక్కడే ఉంటుంది. స్మార్టు మీటర్లలో ఉండేది ఇదే. మీటరుకు అది సరైన ఎంపిక. మరచిపోవడమే తెలియని ఆ రిలేను బోరు స్టార్టరులో వాడడం నాకు సమ్మతం కాదు.

రైతు డబ్బాను మూడు చోట్ల మార్చాను. మొదటిది, రీసెట్ కాలును భూమి నుంచి విడదీసి, డయోడుకు ముందు వైపున సరఫరాను కనిపెట్టుకుని ఉండే చిన్న ట్రాన్సిస్టరుకు అప్పగించాను. సరఫరా ఉన్నంతసేపు ఆ ట్రాన్సిస్టరు రీసెట్ కాలును కిందికి పట్టి ఉంచుతుంది. సరఫరా పోగానే వదిలేస్తుంది, ఐసీ సొంత కెపాసిటరు నుంచే ఆ కాలుకు వోల్టేజీ అందుతుంది. ఏ మిగులు శక్తి పాత జ్ఞాపకాన్ని నిలబెట్టేదో, ఆ మిగులే ఇప్పుడు దాన్ని చెరిపేస్తుంది. రెండోది, ఆటో కావాలా వద్దా అన్న రైతు కోరికను ఐసీ నుంచి తీసేసి డబ్బా ముఖం మీద చేతితో తిప్పే స్విచ్చుకు ఇచ్చాను. అదీ జ్ఞాపకమే, కానీ కంటికి కనిపించే జ్ఞాపకం. ఏ వైపుకు తిరిగి ఉందో ఎవరైనా చూసి చెప్పగలరు. అలాంటిదే మరొకటి ఫిల్టరు దగ్గర గుంజకు కొట్టి, దాన్ని ఎర్ర బటనుతో వరుసగా కలిపాను. మూత విప్పబోయే మనిషి దాన్ని తిప్పితే ఏ డబ్బా చెప్పినా స్టార్టరు పడదు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. పాత డబ్బా పచ్చ బటను మీద వేలు పెట్టి తీయకుండా కూర్చునేది. ఇప్పుడు రిలే రెండు సెకన్లు మాత్రమే పడి వదిలేస్తుంది, మనిషి వేలు చేసేంత పనే చేస్తుంది. ఆ పైన పట్టి ఉంచాలా వదలాలా అన్నది స్టార్టరు సొంత హోల్డింగు తేల్చుకుంటుంది. ఆ రెండు సెకన్లకు ముందు, కరెంటు వచ్చిన దగ్గర నుంచి సీడీ 4060 ఐసీ రెండు నిమిషాలు లెక్కపెడుతుంది, చివరి అర నిమిషం బజరు మోగుతుంది. ఆ లెక్క కూడా కరెంటు పోతే సున్నాకు రావాలి కాబట్టి దాని రీసెట్ కాలును కూడా ఆ ట్రాన్సిస్టరుకే కలిపాను.

తోటకు వెళ్ళి బిగించిన రోజున మెయిను తీసి, అయిదు సెకన్లకు ఒకసారి, ఇరవై సెకన్లకు ఒకసారి, ముప్పైకి ఒకసారి, నిమిషానికి ఒకసారి వేసి చూశాము. ప్రతిసారీ డబ్బా మొదటి నుంచి రెండు నిమిషాలు లెక్కపెట్టుకుంది. రైతు తన గడియారం చూస్తూ ప్రక్కనే నిలుచుని, బజరు మోగినప్పుడల్లా ఫిల్టరు వైపు ఒకసారి చూశాడు. ఆ తరువాత అతడు అడిగిన ప్రశ్న నేను ఆలోచించనిది: "పక్కోళ్ళ మోటర్లు గూడా రెండు నిమిషాలకే ఎత్తుకుంటే ఎట్ల నాయనా?" ఆ 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు మీద 5 హెచ్‌పీ బోర్లు నాలుగున్నాయి. ఒక్కొక్కటి నడిచేటప్పుడు దాదాపు 8 ఆంపియర్లు, లేచేటప్పుడు 48 లాగుతుంది. నాలుగూ ఒకే క్షణంలో లేస్తే 190 దాటుతుంది. ఆ ట్రాన్స్‌ఫార్మరు నిండు లోడులో ఫేజుకు ఇవ్వగలిగేది 35 ఆంపియర్ల లోపు. అందుకని అతడి డబ్బాకు రెండు నిమిషాలే ఉంచి, పక్క తోటల రెండు డబ్బాలకు మూడు, నాలుగు నిమిషాలు పెట్టి ఇచ్చాను. నాలుగో రైతు డబ్బా ఇంకా మా బల్ల మీదే ఉంది. దాని పాయింట్లు అతుక్కుపోయి ఉన్నాయి, కొత్త రిలే వేసి అయిదు నిమిషాలకు పెట్టాలి.